ఇంట్లో, తోటలో ఉన్న సామాన్లతోనే బీరు చేశాను – నా అనుభవం

ఇంట్లో బీరు చేసుకోవాలని సరదాపడేవాళ్లు చాలామంది సామాన్ల జాబితా చూసి అక్కడే ఆగిపోతారు. మాష్ టన్, వోర్ట్ చిల్లర్, ఫర్మెంటర్, ఎయిర్‌లాక్, హైడ్రోమీటర్, ఇలా పేర్లు వింటుంటే చిన్న ఫ్యాక్టరీ పెట్టాలేమో అనిపిస్తుంది. కానీ ఒక్కొక్కటీ చేసే పనేమిటో చూస్తే అన్నీ మామూలు పనులే. ఒకటి వేడి పోకుండా కాపాడుతుంది, ఒకటి పిప్పిని ఆపి రసాన్ని వదులుతుంది, ఒకటి త్వరగా చల్లారుస్తుంది, ఒకటి లోపలి గ్యాస్‌ని బయటికి పంపి బయటి గాలిని లోపలికి రానివ్వదు. ఇంతే. ఈ పనులు చేసే వస్తువులు వంటింట్లోనూ పెరట్లోనూ ఉంటాయి. నేను పది లీటర్ల బీరు అలాగే చేశాను, మంచి బీరే వచ్చింది, అందుకే ఏ వస్తువుని దేనికి వాడానో, దేన్ని ఎందుకు పక్కన పెట్టానో వివరంగా రాస్తున్నాను.

మొదటి నుంచి చివరిదాకా నేను ఒకే ఒక్క గీత గీసుకుని పనిచేశాను: మరగకముందు, మరిగిన తర్వాత. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ని, వేడినీళ్లలో నానబెడితే వచ్చే తియ్యటి రసమే వోర్ట్. దాన్ని గంటసేపు మరిగిస్తాం కాబట్టి అంతకుముందు తగిలే గరిటె, గుడ్డ, గిన్నె శుభ్రంగా ఉండి, వేడికి తట్టుకుని, విషం ఏదీ వదలకపోతే చాలు, సూక్ష్మజీవుల సంగతి ఆ మరుగు చూసుకుంటుంది. చల్లారిన తర్వాత మాత్రం అదే రసం ఏ బ్యాక్టీరియా పడినా హాయిగా పెరిగే చోటు. అక్కడ వాడే వస్తువు నున్నగా ఉండాలి, గీతలు, పగుళ్లు ఉండకూడదు, శానిటైజ్ చేయడానికి వీలవ్వాలి. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే ఇంట్లో ఏ వస్తువు పనికొస్తుందో ఎవరినీ అడగక్కర్లేదు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. ఇంట్లో బీరు చేసుకోవడానికి కొన్ని దేశాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. బ్రిటన్‌లో 1963 దాకా లైసెన్స్ కావాల్సి వచ్చేది, అమెరికాలో 1978లో చట్టం మార్చాకే ఇంట్లో బీరు చేసుకోవడం అక్కడి కేంద్ర చట్టం కింద సక్రమమైంది. పులియబెట్టడం వేరు, బట్టీ పట్టి సారా తీయడం వేరు. ఆ రెండోది చాలాచోట్ల నేరం, పైగా నిప్పు దగ్గర ఆల్కహాల్ ఆవిరితో ప్రాణాపాయం. ప్రెషర్ కుక్కర్‌కి గొట్టం బిగించి బట్టీలా మార్చే ఐడియాలు కనిపిస్తుంటాయి, వాటి జోలికి అస్సలు వెళ్లొద్దు.

ఇక సామాన్ల వేట. పెద్ద స్టీలు గిన్నె, ఇరవై లీటర్లు పట్టేది, అటక మీద ఉంది. అల్యూమినియం గిన్నె అయినా పనిచేస్తుంది, కానీ తళతళలాడేలా తోమకుండా ముందు ఒకసారి నీళ్లు మరిగించి, లోపల నల్లగా ఆక్సైడ్ పొర పట్టనివ్వాలి. తోటలో జింకు పూత బకెట్ ఉంది, చూడ్డానికి చాలా బాగుంది, సైజు కూడా సరిపోయేది, కానీ వోర్ట్‌కి కొంచెం పులుపు ఉంటుంది, పులిసిన బీరుకి ఇంకా ఎక్కువ, ఆ పులుపుకి జింకు కరుగుతుంది. దాన్ని ముట్టుకోలేదు. పాత పింగాణీ జాడీ ఒకటి కూడా కనిపించింది, కానీ పాతకాలం మెరుగుపూతలో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి అదీ వద్దనుకున్నాను. ఎంత ఊరికే వచ్చినా కొన్ని వస్తువులు ఈ పనికి కావు.

కొలతలకి ఒక పొడుగాటి చెక్క గరిటె తీసుకున్నాను. గిన్నెలో ఒక్కో లీటరు నీళ్లు పోస్తూ, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గరిటె కాడ మీద చాకుతో గాటు పెట్టుకుంటూ పోయాను. తర్వాత గిన్నెలో ఎంత ఉందో తెలుసుకోవాలంటే గరిటె నిలబెట్టి చూడటమే. ఇంత చిన్న పని ఆ తర్వాత ప్రతి దశలోనూ అక్కరకొచ్చింది. మరిగేటప్పుడు గంటకి రెండు మూడు లీటర్లు ఆవిరైపోతాయి, అది లెక్క లేకపోతే చివరికి ఎంత మిగిలిందో, ఎంత చిక్కగా ఉందో తెలీదు.

మాల్ట్ 2.2 కిలోలు. నలగ్గొట్టడానికి మర లేదు. మిక్సీలో కొంచెం కొంచెం వేసి, ఆపి ఆపి తిప్పాను, గింజ మూడు నాలుగు ముక్కలైతే చాలు. అప్పడాల కర్రతో కూడా అవుతుంది కానీ రెండు కిలోలకి చేతులు పడిపోతాయి. మామూలు పద్ధతిలో బార్లీ పొట్టే జల్లెడలా పనిచేస్తుంది కాబట్టి పొట్టు నలిగిపోతే వడకట్టడం కష్టం, కానీ నేను సంచి పద్ధతి, అంటే మాల్ట్‌ని గుడ్డ సంచిలోనే నానబెట్టి తర్వాత సంచితో సహా ఎత్తేసే పద్ధతి, ఎంచుకున్నాను కాబట్టి కాస్త పిండి అయినా బెంగ లేదు.

ఈ సంచి పద్ధతి ఆస్ట్రేలియాలో ఇళ్లలో బీరు చేసుకునేవాళ్ల దగ్గర బాగా ఊపందుకుంది, ఇంటి సామాన్లతో చేసేవాళ్లకి ఇంతకంటే మంచి మార్గం నాకు కనిపించలేదు. మాల్ట్ నానబెట్టడానికి విడిగా మాష్ టన్, విడిగా వడపోత పాత్ర అక్కర్లేదు, ఒకే గిన్నె, ఒకే సంచి. సంచికి పల్చటి పాలిస్టర్ కర్టెన్ గుడ్డ వాడాను. రంగు, మెరుపు అద్దకం లేని తెల్ల గుడ్డ, సబ్బు లేకుండా ఉడికించి, ఆరేసి, గిన్నె అంచు మీదికి మడిచేంత వెడల్పుతో కుట్టాను. దోమతెర గుడ్డ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, చాలామందికి మొదట అదే తడుతుంది, కానీ చాలా దోమతెరలకి పురుగుమందు పట్టించి ఉంటుంది కాబట్టి అది వద్దు. సంచి గిన్నె అడుగుకి ఆని మాడకుండా కింద చిల్లుల స్టీలు ప్లేటు ఒకటి బోర్లించాను.

పన్నెండు లీటర్ల నీళ్లు 70 డిగ్రీలకి కాచి, మంట తీసేసి, సంచి దించి, మాల్ట్ పోస్తూ ఉండలు కట్టకుండా కలిపాను. గింజ చల్లగా ఉంటుంది కదా, కలిపాక 67కి దిగింది. కావాల్సింది అదే, 65 నుంచి 68 మధ్య. ఈ వేడిలో మాల్ట్‌లోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. వేడి తక్కువైతే ఈస్ట్ (చక్కెరని తిని ఆల్కహాల్‌గా మార్చే సూక్ష్మజీవి) సులువుగా తినే చక్కెరలు ఎక్కువ వచ్చి బీరు పల్చగా, పొడిగా ఉంటుంది, 70 దగ్గరకి పోతే ఈస్ట్ తినలేనివి మిగిలి కాస్త చిక్కగా, తియ్యగా ఉంటుంది, ఇంకా పైకి పోతే ఎంజైములే చచ్చిపోతాయి. అందుకే థర్మామీటర్ ఒక్కటి మాత్రం నిజమైనది ఉండాలి అంటాను. వంటకి వాడేది చాలు. అది లేనివాళ్లకి ఒక లెక్క ఉంది: మరిగే నీళ్లు రెండు పాళ్లు, 25 డిగ్రీల నీళ్లు ఒక పాలు కలిపితే 75 వస్తుంది, గిన్నె కొంత వేడి లాగేసుకుంటుంది, అలా నిష్పత్తి మార్చుకుంటూ దగ్గరగా రావచ్చు. ఎత్తైన ప్రదేశాల్లో నీళ్లు వందకంటే ముందే మరుగుతాయి కాబట్టి అక్కడ ఈ లెక్క కాస్త తప్పుతుంది.

వేడి నిలపడానికి ఐస్ బాక్స్ వాడేవాళ్లు చాలామంది. నా దగ్గరా ఉంది, కానీ దాని లోపలి ప్లాస్టిక్ చల్లదనం కోసం చేసింది, 70 డిగ్రీల దగ్గర కొన్ని వంకర్లు పోతాయి. పైగా గిన్నెలోంచి అందులోకి, అందులోంచి మళ్లీ గిన్నెలోకి తోడాలి. గిన్నెనే ఒక పెద్ద అట్టపెట్టెలో పెట్టి చుట్టూ పాత బొంతలు, దుప్పట్లు కుక్కేసి, మూత మీద ఒక దిండు పెట్టాను. పొయ్యి ఆరి ఉందో లేదో, గిన్నె అంచులకి మంట వేడి తగ్గిందో లేదో చూసుకునే ఈ పని చేయండి. గంట తర్వాత మూత తీసి చూస్తే రెండు డిగ్రీలు కూడా పడలేదు. బయట కొనే ఖరీదైన పాత్ర చేసేది సరిగ్గా ఇదే పని.

పిండి అంతా చక్కెరగా మారిందో లేదో చూడటానికి మందుల డబ్బాలోని టింక్చర్ అయోడిన్ పనికొచ్చింది. తెల్ల ప్లేటులో ఒక చెంచా రసం వేసి, పొట్టు లేకుండా చూసుకుని, ఒక చుక్క అయోడిన్ వేస్తే, నల్లబడితే పిండి ఇంకా ఉన్నట్టు, అయోడిన్ రంగు అలాగే ఉంటే పని అయినట్టు. ఆ శాంపిల్‌ని పారబోయాలి, గిన్నెలోకి తిరిగి పోయకూడదు.

తర్వాత సంచిని ఎత్తి, ఓవెన్ జాలీని గిన్నె మీద అడ్డంగా పెట్టి దాని మీద కారనిచ్చాను, పైనుంచి రెండు మూడు లీటర్ల వేడినీళ్లు మెల్లగా పోసి, రబ్బరు గ్లోవ్స్ వేసుకుని పిండాను. సంచి పిండితే బీరు వగరెక్కుతుందని కొందరంటారు, నాకు ఆ తేడా తెలియలేదు. పిప్పి తోటలో కంపోస్టులో వేశాను, మట్టితో కప్పకపోతే వాసన వస్తుంది.

మరిగించడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మొదటి పది నిమిషాలు నురగ పొంగుతుంది, ఒక స్ప్రే సీసాలో చల్లటి నీళ్లు పెట్టుకుని కొడుతుంటే అణిగిపోతుంది. మూత పూర్తిగా పెట్టకూడదు, ఉడికిన మొక్కజొన్న వాసన ఇచ్చే ఒక పదార్థం ఆవిరితో బయటికి పోవాలి. హాప్స్‌ని, అంటే బీరుకి చేదు, సువాసన ఇచ్చే పూలని, మిగిలిన కర్టెన్ గుడ్డతో కుట్టిన చిన్న మూటలో వేశాను, సగానికి పైగా మొదట్లోనే. చేదు రావాలంటే గంటసేపు మరగాలి, సువాసన కోసమైతే చివరి ఐదు నిమిషాల్లో వేయాలి.

నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన పని చల్లార్చడానికి గొట్టం తయారుచేసుకోవడం. ఇంటి మరమ్మతులో మిగిలిన మెత్తటి రాగి గొట్టం ఎనిమిది మీటర్ల దాకా పెరటి షెడ్డులో పడి ఉంది. ఊరికే వంచితే అది మడతపడి నొక్కుకుపోతుంది. దానికి చిట్కా ఏమిటంటే లోపల సన్నటి ఉప్పు గట్టిగా నింపి, రెండు చివర్లూ టేపుతో మూసి, గుండ్రటి పూలకుండీ చుట్టూ మెల్లగా చుట్టాలి. ఉప్పు గోడలని లోపలి నుంచి పట్టుకుంటుంది, చుట్టాక నీళ్లు పోనిస్తే కరిగి బయటికి వచ్చేస్తుంది. కుండీ మీద నుంచి తీసేసరికి పెద్ద స్ప్రింగులా వచ్చింది. వెనిగర్‌తో తోమి, కడిగి, మరుగు ఆఖరి పావుగంట వోర్ట్‌లోనే ముంచి ఉంచాను, దాంతో అదీ శుద్ధి అయిపోయింది. రాగి మరిగే వోర్ట్‌కి ఏ హానీ చేయదు, కానీ పులిసిన బీరుకి మాత్రం తగలనివ్వకూడదు.

రెండు చివర్లకీ తోట పైపు ముక్కలు క్లిప్పులతో బిగించి, ఒకటి కుళాయికి, ఇంకొకటి బకెట్‌లోకి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. గొట్టానికీ పైపుకీ ఉండే జాయింట్లు గిన్నె అంచుకి బయట ఉండాలి, కారితే నేల మీద కారాలి గానీ వోర్ట్‌లో పడకూడదు, ఎందుకంటే తోట పైపు నీళ్లు శుద్ధమైనవి కావు. మామూలు తోట పైపు ప్లాస్టిక్‌లో సీసం, మెత్తదనం కోసం కలిపే రసాయనాలు ఉండొచ్చు, అందుకే దాన్ని చల్లార్చే నీళ్లకి తప్ప బీరుకి ఎక్కడా వాడలేదు. రెండోది, మొదట బయటికొచ్చే నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి, పైపు మెత్తబడి జారుతుంది, కట్టెయ్యండి. ఆ వేడినీళ్లు గిన్నెలు తోమడానికి పనికొచ్చాయి. అరగంట లోపే 30 దాకా దిగింది. కుళాయి నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంతవరకే ఇది దించగలదు, ఆ కింద దించడానికి గిన్నెని నీళ్ల టబ్బులో పెట్టి, ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు టబ్బులో వేశాను. 20 దాకా వచ్చింది. గొట్టం లేకపోయినా పది లీటర్లకి టబ్బు ఒక్కటే చాలు, కాకపోతే నీళ్లు మారుస్తూ ఉండాలి.

ఇక్కడి నుంచి రెండో సగం, చేతులు కూడా అనుమానంగానే చూసుకోవాలి. చెక్క గరిటె గోడకి తగిలించేశాను, చెక్క రంధ్రాల్లో దాక్కున్నవాటిని ఏం చేసినా పూర్తిగా తీయలేం.

ఫర్మెంటర్‌గా, అంటే పులియబెట్టే పాత్రగా, తినే సరుకు వచ్చిన పదిహేను లీటర్ల మూత బకెట్ వాడాను. అడుగున త్రికోణంలో 2 అని ఉంటే గట్టి పాలిథీన్, 5 ఉంటే పాలీప్రొపిలీన్, రెండూ సరైన రకాలే, కానీ అంకె ఒక్కటే చాలదు, ఆహారం కోసం తయారైన బకెట్ అయి ఉండాలి. పెయింటు బకెట్, మందుల బకెట్ ఎంత కడిగినా వద్దు. లోపల గీతలున్నా, పాత సరుకు వాసన ఉన్నా వద్దు, ప్లాస్టిక్ వాసన పట్టిందంటే వదలదు. శానిటైజ్ చేయడానికి వాసన కలపని మామూలు బ్లీచ్ లీటరు నీళ్లకి ఒక చిన్న చెంచా కలిపి, పావుగంటకి పైగా తడిపి ఉంచి, కాచి చల్లార్చిన నీళ్లతో బాగా కడిగాను. బ్లీచ్ మిగిలిపోతే బీరులో ఆస్పత్రి వాసన లాంటిది వస్తుంది. బ్లీచ్‌ని వెనిగర్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. కొత్త తోట స్ప్రేయర్ ఒకటి ఉంటే మూతలు, అంచుల మీద కొట్టడానికి భలే వీలు, కానీ అందులో ఎప్పుడూ మందు పోసి ఉండకూడదు.

చల్లారిన వోర్ట్‌ని రెండు శుభ్రమైన బకెట్ల మధ్య ఎత్తు నుంచి అటూ ఇటూ పోశాను. ఈస్ట్‌కి మొదట్లో ఆక్సిజన్ కావాలి, ఇదే దానికి పంపు. ఈస్ట్ మాత్రం బీరు ఈస్టే కొనండి. బ్రెడ్డు ఈస్ట్‌తో పులుస్తుంది గానీ సరిగ్గా అడుగుకి దిగదు, రుచి కూడా చెప్పలేం. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ని పెంచాకే బీరు ఒక్కోసారి ఒక్కోలా రావడం తగ్గింది. ఆ పని ఫలితమే మన చేతిలోని ఈ చిన్న ప్యాకెట్, దానికి బదులు ఇంట్లో ఏదీ లేదు.

ఎయిర్‌లాక్‌కి మూతలో ఒక చిల్లు, అందులో చేపల తొట్టికి వాడే పైపు, కొత్తది. చిల్లు పైపు కంటే ఇసుమంత చిన్నగా వేసి, పైపు చివర ఏటవాలుగా కోసి లాగితే రబ్బరు లేకుండానే బిగుసుకుంటుంది. రెండో చివర కింద ఒక సీసాలోని నీళ్లలో. బకెట్‌లో పైన మూడో వంతు ఖాళీ వదిలాను, లేకపోతే నురగ పైపులోకి ఎక్కి మూసేస్తుంది, లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరిపోతుంది. సీసాలో నీళ్లు రెండంగుళాలకి మించి వద్దు, రాత్రి చలికి బకెట్ చల్లబడితే ఆ నీళ్లు వెనక్కి లోపలికి లాగుతుంది. మూత పూర్తిగా బిగించి ఏ దారీ లేకుండా మాత్రం ఎప్పుడూ వదలకండి.

పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే వేడి పుట్టిస్తుంది, గది కంటే లోపల నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. 18 నుంచి 22 మధ్య ఉంచకపోతే ఘాటైన, తలనొప్పి రకం రుచులొస్తాయి. నీళ్ల టబ్బులో బకెట్ పెట్టి, దానికి పాత కాటన్ టీషర్టు తొడిగి, అంచు నీళ్లలో మునిగేలా చూసి, ఫ్యాన్ తిప్పాను. తడి ఆరుతూ వేడి లాగుతుంది, గాలిలో తేమ తక్కువుంటే ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. పొద్దున్న, సాయంత్రం ఒక గడ్డకట్టిన సీసా.

బుడగలు ఆగాయంటే అయిపోయిందని అనుకోవద్దు, మూత సందుల్లోంచి గ్యాస్ పోతే బుడగలే రావు. చక్కెర తగ్గేకొద్దీ రసం చిక్కదనం తగ్గుతుంది, అది నీళ్ల కంటే ఎంత చిక్కగా ఉందో హైడ్రోమీటర్ లేకుండా కొలవడానికి వంటింటి డిజిటల్ తూకం, ఒక అరలీటరు సీసా చాలు. ఖాళీ సీసా బరువు తీసేశాక, అంచుదాకా నింపిన నీళ్లు 510 గ్రాములు తూగాయి. అదే సీసా వోర్ట్‌తో నింపితే 534. భాగిస్తే 1.047. పులిసిన తర్వాత, గ్యాస్ పోయేదాకా గిలకొట్టి తూచితే 515, అంటే 1.010. రెండిటి తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం, ఐదుకి కాస్త తక్కువ. మూడు సార్లూ ఒకే వేడి దగ్గర తూచాలి. రెండు మూడు రోజుల తేడాతో తూచినా బరువు మారకపోతే పులియడం ఆగినట్టు. ఇది ఎంత బాగా పనిచేసిందో చూసి నాకే ఆనందం ఆగలేదు, ఒక గ్రాము అటూ ఇటూ అయినా అంచనాకి ఇది చాలు.

సీసాల విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను: కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాలే. అవి గ్యాస్ ఒత్తిడి కోసమే తయారైనవి. జామ్ సీసాలు, వైన్ సీసాలు, అలంకారానికి వచ్చే గాజు సీసాలు ఒత్తిడికి పగులుతాయి, గాజు ముక్కలు మొహం మీదికి వస్తాయి. సీసాల్లో గ్యాస్ పుట్టడానికి లీటరుకి 6 గ్రాముల చక్కెర తూచి, కొంచెం నీళ్లలో మరిగించి చల్లార్చి, శుభ్రమైన బకెట్ అడుగున పోసి, బీరుని దాని మీదికి సైఫన్ చేశాను, అంటే పైపుతో పైనుంచి కిందికి పారించాను. పైపుని నోటితో పీల్చకుండా శానిటైజ్ చేసిన నీళ్లతో నింపి, చివర వేలితో మూసి దించితే చాలు. పైపు అడుగున ఉన్న మడ్డిని లాగకుండా స్టీలు గరిటె కాడకి కట్టి, కొసని కొంచెం పైకి ఉంచాను.

సీసా లోపల ఎంత గ్యాస్ పట్టిందో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. మొదటి రోజు మెత్తగా ఉంటుంది, రోజు రోజుకీ బిగుస్తుంది, రాయిలా అయ్యాక ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండు వారాలు ఇచ్చాను. పోస్తే తెల్లటి నురగ గ్లాసు అంచుదాకా లేచి, కొంతసేపు నిలిచింది, కొంచెం మబ్బుగా ఉంది, చేదు సమంగా ఉంది, మాల్ట్ తియ్యదనం చివర్లో తెలుస్తోంది.

ఇప్పుడు రెండోసారికి సిద్ధమవుతున్నాను. హైడ్రోమీటర్ ఒకటి కొంటాను, తూకం పద్ధతిలో ప్రతిసారీ అరలీటరు బీరు బయటికి తీయాల్సి వస్తోంది. సంచి, బొంతల పెట్టె, రాగి గొట్టం, గాట్ల గరిటె మాత్రం ఇవే. నీళ్లకి కరువున్న చోట చేసేవాళ్లు గొట్టం మానేసి, మరిగే వోర్ట్‌ని నేరుగా వేడికి తట్టుకునే ఆహారపు ప్లాస్టిక్ క్యాన్‌లో నింపి, గాలి పిండేసి, మూత బిగించి రాత్రంతా దానంతటదే చల్లారనిస్తారు. ఈసారి సగం అలా, సగం గొట్టంతో చల్లార్చి రెండూ పక్కపక్కన రుచి చూడాలని ఉంది. ఆ పద్ధతిలో హాప్స్ వేడిలో ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి చేదు పెరుగుతుంది, అందుకే చివర్లో వేసేవి కొంచెం తగ్గించి వేస్తాను.